దీవికి వెళ్ళిన పిన్ని

ఇంట్లో అందరూ ఆమెను పిన్ని అనేవాళ్ళు. అక్క పిల్లలు అలా పిలవడం సరే, చివరికి బావగారు కూడా "పిన్నిని కాఫీ ఇమ్మను" అనేవారు. పెళ్ళి కుదిరినట్టే కుదిరి రెండుసార్లు తప్పిపోయాక ఇక ఎవరూ ఆ మాట ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. పంతొమ్మిదేళ్ళు అక్క ఇంట్లోనే గడిచిపోయాయి. ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని వీధిలోవాళ్ళ బట్టలు కుట్టేది. మిషను ఆగిందంటే ఎవరో ఒకరు పిలిచేవారు. ఆమె ఒంటరిగా ఉండేది స్నానాల గదిలోనే. అక్కడ కూడా రెండు చెంబులు పోసుకునేలోపు ఎవరో తలుపు తట్టేవారు.

అక్క పెద్దకొడుక్కి పెళ్ళయింది. ఆమె పడుకునే గది కొత్త దంపతులకి కావలసివచ్చింది. వెళ్ళమని ఎవరూ అనలేదు. అంత మాట అనేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అయితే ఆమె ఎక్కడ పడుకోవాలన్నది కూడా ఎవరూ అనలేదు. పెళ్ళిబట్టలన్నీ కుట్టిన ఆ మనిషే, పదిహేనో రోజున అందరూ భోజనాల దగ్గర ఉండగా, ఓడలో మూడు గంటల దూరాన ఒక దీవి ఉందని, అక్కడి అతిథిగృహంలో దుప్పట్లూ కర్టెన్లూ కుట్టడానికి మనిషి కావాలన్నారని, తాను వెళ్తున్నానని చెప్పింది. అప్పటికి యాభైకి ఒక్క ఏడాది తక్కువ. నాలుగు రోజులు ఉండి వచ్చేస్తుందిలే అన్నారు బావగారు.

దీవిలో ఆమెకిచ్చిన గది బట్టలుతికే షెడ్డు వెనకాల ఉంది. ఒక మంచం, బల్ల మీద కుట్టుమిషను, గోడకి నాలుగు మేకులు. మొదటి రోజు గడియ వేసుకుని మంచం మీద కూర్చుని, అలవాటు కొద్దీ చెవులు రిక్కించింది. ఎవరూ పిలవలేదు. ఎంత హాయి అనుకుంది. ఆ హాయి తొమ్మిది రోజులు ఉంది.

పదో రోజు నుంచి నోరు కట్టేసినట్టయింది. అక్కడ పనిచేసేవాళ్ళు మంచివాళ్ళే. చిరిగిన దుప్పట్లు తెచ్చి గడపలో పెట్టి, ఒక నవ్వు నవ్వి వెళ్ళేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళు వాళ్ళకున్నాయి. తన ఒక్కదానికే అన్నం వండటం ఆమెకు చేతకాలేదు. ఎంత తగ్గించి పోసినా నలుగురికి సరిపడా ఉడికేది. ఉప్పుగాలికి సూదులు తుప్పు పట్టేవి, కత్తెర బిగుసుకుపోయేది. వాటికి నూనె పూస్తూ వాటితోనే మాట్లాడటం మొదలుపెట్టింది. ఒకరోజు మిషనుని "పొద్దున్నుంచీ ఏమిటే ఆ సణుగుడు" అని గదమాయిస్తుంటే, ఎవరొచ్చారా అని వంటావిడ తొంగిచూసింది. ఆమె సిగ్గుతో తల వంచుకుని దారం కొరికింది.

వానాకాలం రెండు నెలలూ అతిథిగృహం మూసేస్తారు. ఆఖరి ఓడ బుధవారం. సోమవారం అక్క ఫోన్ చేసింది. కోడలికి ఏడో నెలట, నడుం నొప్పితో లేవలేకపోతోందట.

"ఎప్పుడొస్తున్నావే? నా వల్ల కావడం లేదు. నువ్వుండగా ఈ ఇల్లు ఎలా నడిచిందో నాకిప్పుడు తెలుస్తోంది."

ఇన్నేళ్ళలో అక్క ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె, "నేనెక్కడ పడుకోనక్కా?" అని అడిగింది.

"హాల్లో మడతమంచం వేద్దాం. పొద్దున్నే తీసేస్తే ఎవరికీ అడ్డం ఉండదు."

అక్క ప్రేమగానే అంది.

బుధవారం సంచి సర్దుకుని వంటావిడతో కలిసి రేవుకి వెళ్ళింది. ముందు వంటావిడ ఎక్కి, తన పక్కన చోటు పట్టి, రమ్మని చెయ్యి చాచింది. ఆ చేతికి ఆవిడ బుట్ట అందించి, ఆమె కిందే నిలబడిపోయింది.

"ఇక్కడ నీకెవరున్నారమ్మా?" అంది వంటావిడ.

"ఎవరూ లేరు," అంది ఆమె. "అయినా ఉంటాను."

ఓడ మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కి నడుస్తూ దారిలోనే ఏడ్చింది. గదికి చేరి, రాలేనక్కా అని ఫోన్లో చెప్పింది. అక్క ఠక్కున పెట్టేసింది. మళ్ళీ పదకొండు రోజులదాకా మాట్లాడలేదు.

ఆ రెండు నెలలూ వానే వాన. అంత పెద్ద ఆవరణలో ఆమె, ముసలి కాపలాదారు. ఒక మధ్యాహ్నం అతను తన వానకోటు కుట్లు ఊడితే తెచ్చాడు. కుట్టేదాకా గుమ్మంలో గొంతుక్కూర్చుని, తాను ముప్పై ఏళ్ళ కిందట ఒంటరిగానే వచ్చానని, మొదటి ఏడాది బాగా ఏడ్చానని చెప్పాడు.

"ఆ తర్వాతో?" అని అడిగింది.

"ఆ తర్వాతా ఏడ్చాను. కాకపోతే తక్కువ."

వచ్చాక ఇన్ని నెలల్లో ఆమె పైకి నవ్వింది ఆ రోజే.

వానలు వెనకపట్టాక ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది. కొలతలు తెలియక ఉజ్జాయింపుగా ఆరు గౌన్లు కుట్టి మొదటి ఓడలో పంపింది. రెండు వదులయ్యాయని, మిగతావి అతికినట్టు సరిపోయాయని అక్క చెప్పింది. కోపం పోయినట్టే ఉంది గానీ, ఎప్పుడొస్తావని మాత్రం అడగలేదు.

ఇది జరిగి ఏడేళ్ళయింది. ఆమె ఇంకా దీవిలోనే ఉంది. పనిరోజులు ఎలాగో గడిచిపోతాయి, ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఒక పట్టాన గడవవు. ఆ పూట తలకు కొంగు చుట్టుకుని దీవి చుట్టూ ఒక చుట్టు నడిచి వస్తుంది. గంటన్నర పడుతుంది. ఇసుక కాలితే, నీడ చూసుకుని ఆగుతూ, ఇంకొంచెం ఎక్కువ.