చుక్కలు లేని చోటు

మూడేళ్ల కిందట మా నాన్న, మా బాపు, మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. అలా అయితే బొగ్గు బాయిలో, అంటే గనిలో, ఆయన ఉద్యోగం మా ఇంట్లో ఒకరికి వస్తుంది. ఎవరికివ్వాలో తేల్చడానికి గోదావరిఖనిలోని మా క్వార్టర్లో పెద్దలు కూర్చున్నారు. అడిగింది ఇద్దరం, నేనూ, మా అక్క మొగుడూ. బెంగళూరులో నేను చేస్తున్న అంతరిక్ష టెలిస్కోపు ప్రాజెక్టు అప్పటికి ముగియబోతోంది, నాకూ ఉద్యోగం కావాలి.

"నువ్ చేసే పనేంది బిడ్డా?" అన్నాడు పెదబాపు.

"ఆకాశంల చుక్కలు బాగ తక్కువున్న జాగలు ఏరుత పెదబాపూ. కెమెరాను అటు తిప్పి పరీక్ష చేస్తరు."

ఇల్లంతా ఒకటే నవ్వు.

"ఏం లేని కాడ చూసుడు గూడ నౌకరేనా?" అన్నాడు పెదబాపు. " మన డాబా ఎక్కితె సాలదా? గీ పొగల ఒక్క చుక్కన్న కనవడ్తదా? ఆడపిల్లకు బాయి పనెందుకు, అల్లునికే రాయుండ్రి."

"ఇప్పుడు ఆడోళ్లు గూడ దిగుతున్నరు" అన్నాను. ఎవరూ వినలేదు. బాపు వైపు చూశాను. షిఫ్టులో అందరికీ 'మా సైంటిస్టు బిడ్డ' అని చెప్పుకునే మనిషి నేల చూస్తూ కూర్చున్నాడు. నాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టించుకున్నారు.

నవ్వే తొందరలో వాళ్లు ఒక్క ప్రశ్న అడగలేదు, కెమెరాను అటు ఎందుకు తిప్పుతారని. చూడ్డానికి ఏమీ లేని చోటే కెమెరా సొంత మచ్చలు బయటపడతాయి.

ఆ రోజు మా వాళ్లకు నేను ఖాళీ జాగాలాగే కనబడ్డాను. వాళ్ల మచ్చలు నాకు కనబడ్డాయి. బాపువి కూడా.