దెయ్యాల సినిమా చెప్పే మస్తాన్

“నీకు ఇంగ్లీషు వచ్చా, రాదా?” అని పాస్టరుగారు ఒకసారి మస్తాన్‌ను మొహం మీదే అడిగారు. “దెయ్యాలు ఎక్కువ మాట్లాడవు గదయ్యా, సరిపోతాది” అన్నాడు మస్తాన్. పులికాట్ సరస్సులో చేపల వేటకు పోయే మనిషి. శ్రీహరికోటలో ఒక క్యాంటీన్లో మూడేళ్లు ప్లేట్లు కడుగుతూ పట్టుకున్న ఇంగ్లీషు అది. ఏటా క్రిస్మస్ సాయంత్రం చర్చి గోడకు తెల్లదుప్పటి కట్టి ఒక పాత నలుపు తెలుపు సినిమా వేస్తారు. పిసినారి ముసలాడికి మూడు దెయ్యాలు కనబడి, తెల్లారేసరికి మనసు మారిపోయే కథ. మస్తాన్ లుంగీ ఎగగట్టి, మైకు పెదాలకు ఆనించి, దాన్ని తెలుగులో చెబుతాడు. అర్థం కానిచోట దగ్గుతాడు.

ఈసారి ముందు వరుసలో రొయ్యల వ్యాపారి పెంచలప్రసాద్ కూర్చున్నాడు. మస్తాన్ పడవ ఇంజను ఆయన అప్పుతో కొన్నదే. నెలాఖరుకు కట్టకపోతే విప్పుకుపోతానన్నాడు. అందుకే మూడో దెయ్యం సమాధిని చూపించగానే మస్తాన్ కథలో లేని ముక్క కలిపాడు: “పడవోళ్ల ఇంజన్లు విప్పుకుపోయినోడి సమాధి ఇది. పాడె మొయ్యను కూడా ఎవురూ రాలేదు.” జనం కిసుక్కుమన్నారు. పెంచలప్రసాద్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అది చూసి మస్తాన్ అదే ముక్క ఇంకోసారి చెప్పాడు. సినిమా అయ్యాక ఆయనే వచ్చి భుజం తట్టాడు.

“ఏడిపించినావు మస్తానూ. నిరుటికంటే బాగా చెప్పినావు.”

“మరి ఇంజను సంగతి, అన్నా?”

“అది సినిమా గదబ్బా” అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోయి.

జనవరి రెండున ఆయన మనుషులు ఇంజను విప్పుకుపోయారు. పాతదని సగం ధరే కట్టారు కాబట్టి, మస్తాన్ ఇంకా పద్దెనిమిది వేలు బాకీ.