ఎర్ర లైటు దగ్గర కుడిపక్క సందు

కోవిడ్ తర్వాత ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న వేసవిలో నేను అమెరికాలో, ఫ్రీమాంట్‌కు దగ్గర్లోని ఒక చిన్న నగరంలో సీనియర్ ట్రాఫిక్ ఇంజనీర్‌గా ఉన్నాను. సిగ్నళ్ల టైమింగ్, రోడ్డు మీది గీతలు, వాటిపై జనం చేసే ఫిర్యాదులు నా బాధ్యత. మొదటి రెండింటికీ మాన్యువల్ ఉంది.

రైల్వేస్టేషన్‌కు వెళ్లే దారిలో ఒకే కూడలి గురించి రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి కిరణ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుది. రోజూ స్టేషన్‌కు సైకిల్ మీద వెళ్తాడు. ఎర్ర లైటు దగ్గర ఆగిన కార్ల పక్క సందులోంచి తాను ముందుకు వెళ్తుంటే, వెండిరంగు కారాయన ఒకరు హారన్ కొట్టి వేధిస్తున్నారట. రెండోది ఆ కారాయనదే. పేరు యాదగిరి, వయసు యాభై పైన. సైకిలతన్ని ప్రతి సిగ్నల్ తర్వాతా తాను జాగ్రత్తగా దాటుతున్నానని, తర్వాతి సిగ్నల్ దగ్గర అతను మళ్లీ ముందుకొచ్చి నిలబడుతున్నాడని ఆయన బాధ.

అలా సందులోంచి ముందుకు రావడాన్ని మా వృత్తిలో ఫిల్టరింగ్ అంటాం. మా దగ్గర చట్టం దాన్ని నిషేధించలేదు, అలాగని మెచ్చుకోనూ లేదు. చూసి నిర్ణయించాలి. ఫీల్డ్ విజిట్‌కు ట్రాఫిక్ సిబ్బంది పచ్చ జాకెట్ వేసుకుని వెళ్తే జనం అతిమర్యాదగా నడుపుతారు. అందుకని మామూలు బట్టల్లో వెళ్లి కూడలి దగ్గరి బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చున్నాను.

ఇద్దరూ వచ్చారు. లైటు ఎర్రగా ఉంది. వరసలో ముందు ఒక సిమెంటు ట్రక్కు, దాని వెనక యాదగిరి గారు. కిరణ్ ఆయన్ని కుడివైపునుంచి దాటి, ట్రక్కుకూ ఫుట్‌పాత్‌కూ మధ్య సందు వైపు వెళ్తున్నాడు. ట్రక్కు కుడి ఇండికేటర్ వెలుగుతోంది. యాదగిరి గారు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. కిరణ్ కాలు కింద పెట్టి, పోట్లాడటానికి వెనక్కి తిరిగాడు. అంతలో పచ్చ లైటు పడింది. ట్రక్కు కుడికి తిరిగింది. దాని వెనక చక్రాలు ఆ సందులోని ఫుట్‌పాత్ అంచును ఒరుసుకుంటూ వెళ్లాయి.

నేను బెంచీ మీంచి లేచాను. యాదగిరి గారు కారు పక్కకు తీసి అద్దం దించారు.

"తమ్మీ, ట్రక్కోడు ఇండికేటర్ ఏసిండు గదా. జూస్తలేవా?"

కిరణ్ ఫుట్‌పాత్ అంచు మీద పడిన టైరు మరకను చూశాడు. తర్వాత అన్నాడు: "చూళ్లేదన్నా. ముందు ఖాళీ కనపడింది, వెళ్లిపోయాను."

"నువ్వు ప్రతి సిగ్నల్ కాడ ముందుకొస్తవ్. నేను మళ్ల భయపడుకుంట నిన్ను దాటాలె. స్టేషన్ దాకా నాకు గిదే పని."

"మీకు అడ్డం కాకూడదనే కదన్నా ముందుకెళ్లేది."

నేను వెళ్లి ఎవరినో చెప్పుకున్నాను. ఇద్దరూ వెంటనే అవతలివాడి మీద తమ ఫిర్యాదును నాకు మొదటినుంచీ వినిపించారు. ఆ రోజు రైలు ఇద్దరికీ తప్పిపోయింది.

తర్వాత అక్కడ స్టాప్ లైన్‌ను వెనక్కి జరిపి, దాని ముందు సైకిళ్లు నిలబడేందుకు ఆకుపచ్చ గడి, అంటే బైక్ బాక్స్, వేయించాను. మర్నాడే యాదగిరి గారు ఫోన్ చేశారు. "మేడమ్, నేను ఆయన్ని ఎన్కకు పంపమంటే మీరు ముందర కుర్చీ ఏసి కూసోబెట్టిన్రు."

కొన్నాళ్లకు మళ్లీ ఆ బెంచీ మీద కూర్చున్నాను. ఈసారి కిరణ్ ముందుకు రాలేదు, వెండిరంగు కారు వెనకే ఆగాడు. యాదగిరి గారు కారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ముందుకు పొమ్మన్నారు. ఫర్వాలేదు, మీరే వెళ్లండని కిరణ్ సైగ చేశాడు. ఈ మర్యాద తేలేలోగా పచ్చ లైటు పడి, మళ్లీ ఎర్ర లైటైంది. వెనక కార్లన్నీ హారన్లు మోగించాయి.

ఆ తర్వాత ఏ కూడలిలోనైనా గీతలు మార్చేముందు ఫిర్యాదు చేసిన ఇరుపక్షాలనూ ఒకే సమయానికి అక్కడికి రమ్మనేదాన్ని. వాళ్లు ఎదురెదురుగా మాట్లాడుకున్నాక చాలాచోట్ల పెయింటు అవసరం రాలేదు.