ఇసుక కాదు, ఒండ్రు

మా ఏటిగట్టు మట్టికి కులం లేదని మా ఊరి మోతుబరి అంటుండేవాడు. ఆయన లెక్కలో నేలలకూ వరసలున్నాయి. మొలగొలుకుల వరి పండే నల్లరేగడి అన్నిటికన్నా పైది, అది ఆయనది. దాని తర్వాత ఎర్రనేల, అదీ చాలావరకు ఆయనదే. ఆ కింద చవుడు. అన్నిటికన్నా అడుగున, పెన్న వరదకు కొట్టుకొచ్చి గట్టున పేరుకున్న మట్టి. "ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు, ఎన్నాళ్ళుంటుందో తెలీదు. అదీ ఒక నేలేనా?" అనేవాడు. ఆ మాట నేలను గురించి మాత్రమేనని నమ్మేంత అమాయకులం కాము మేము. తాతల కాలంలో మిషను చర్చిలో చేరిన కుటుంబాలు మావి. సంగం ఆనకట్టకు దిగువన, ఊరికి ఎడంగా, ఏటి పక్కన మా పల్లె. మమ్మల్ని గురించి మాట్లాడేటప్పుడూ ఆయనకు అదే గొంతు, అవే మాటలు. ఇన్నేళ్ళయినా ఆ గొంతు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ గట్టున ఒక చెక్క మేం సాగుచేసుకునేవాళ్ళం. అది సర్కారుది, ఏటి పోరంబోకు. మా అమ్మానాన్నలకు పెళ్ళయిన కొత్తలో అక్కడ రెల్లుదుబ్బులు, తుమ్మ కంపలు తప్ప ఏమీ లేవట. ఇద్దరూ కలిసి కొట్టి, తవ్వి, చదును చేశారు. నాన్న ఆ తర్వాత గూడూరు వైపు అభ్రకం గనుల్లో పనికి పోయి, దగ్గుతో తిరిగొచ్చి, ఆ దగ్గుతోనే పోయాడు. అమ్మకు మిగిలింది నేను, మా తమ్ముడు, ఆ నేల. ఏటా వానాకాలం చివర పెన్న పొంగి, గట్టెక్కి, కోడి అడుగు మునిగేంత మట్టి పరిచి వెళ్ళిపోయేది. ఏరు పెట్టే ఎరువుకు ఎవరికీ దణ్ణం పెట్టనక్కర్లేదని అమ్మ అనేది.

ఆ మట్టి గుణం రేగడి మాదిరి కాదు. రేగడి తడిస్తే కాలు పట్టుకుని వదలదు, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. మాది ఎండితే రాగిపిండి. వేళ్ళ మధ్య నలిపితే నున్నగా జారిపోయేది. నీళ్ళు పోస్తే గబగబా తాగేది, తాగినదాన్ని మాత్రం చాలారోజులు లోపల దాచుకునేది. దానికి ఒకటే రోగం. విత్తనం వేశాక జల్లు పడి ఎండ కాసిందంటే, పైన అప్పడంలాగా పెచ్చు కట్టేది. మొలక ఆ పెచ్చును తోసుకురాలేక కిందే వంకర తిరిగి చచ్చేది. అందుకని జల్లు పడిన మర్నాడు ముళ్ళకంపకు తాడు కట్టి, పైన ఒక రాయి పెట్టి, చేనంతా మేమే లాగేవాళ్ళం. ఎద్దుల్ని దింపితే మొలక తొక్కేస్తాయి, అసలు మాకు ఎద్దులు ఉంటే కదా. ఆ తాడు ఒరిపిడికి కాసిన కాయలు నా అరచేతుల్లో పెళ్ళయ్యేదాకా ఉన్నాయి. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు చూస్తే చూడనీ అని చేతులు ముందుకే చాపి కూర్చున్నాను.

అరవైలు మొదలైన రోజుల్లో ఊళ్ళో ఒక మాట వచ్చింది. మట్టి చూసే ఆఫీసరు ఒకాయన వస్తున్నాడని, గట్టు భూముల్లో గుంటలు తవ్వి చూస్తాడని, సాగుకు పనికొచ్చేదని తేలితే సాగులో ఉన్న పేదవాళ్ళకు పట్టా ఇస్తారని, ఇసుకమేట అని తేలితే ఏటికే వదిలేస్తారని. మా పల్లెలో అందరూ సంబరపడ్డారు, మా మేనమామ తప్ప. ఆయన అమ్మకు తమ్ముడు, మోతుబరి ఇంట్లో పాలేరు. ఎవరు గట్టిగా తుమ్మినా తనదే తప్పనుకునే మనిషి.

"ఇసకని చెప్పక్కా," అన్నాడు అమ్మతో. "ఇసకంటే ఎవురి కన్నూ పడదు. ఇన్నేళ్ళూ ఎట్టా తిన్నామో అట్టనే తింటాం. మంచి నేలని తేలిందంటే అయ్య వదులుతాడా? ఆయన పొలాన్ని ఆనుకునే ఉండాది. రేపే గెనెం గట్టు మన చేన్లోకి జరిపేస్తాడు."

"జరిపితే చూద్దాంలే."

"ఏంది చూసేది? ఆయనకి మునసబు ఉండాడు, కరణం ఉండాడు. నీకెవురుండారు?"

"నా బిడ్డల్ని సాకిన నేలరా అది. దాన్ని ఇసకని నా నోటితో నేననాల్నా? ససేమిరా అనను."

మామ చెప్పింది పిరికిమాటే కానీ అబద్ధం కాదు. ఇసుక అంటే పట్టా రాదు, పట్టా లేకపోతే ఎప్పుడైనా వెళ్ళగొట్టవచ్చు. మంచి నేల అంటే పట్టా రావచ్చు, లేదా మోతుబరే కాజేయవచ్చు. చేను పోతే మా అమ్మకు మిగిలేది ఆయన నాట్లలో కూలి. ఇది నాకు తెలుసు, అమ్మకు ఇంకా బాగా తెలుసు. తెలిసే ఆమె అడ్డంగా తల ఊపింది. అది చూసి నాకు భయం వేయలేదు, గర్వంగా అనిపించింది.

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే మేం చేనికి వెళ్ళి నిర్ఘాంతపోయాం. చేను మధ్యన, గుంట తవ్వడానికి ముందురోజు బంట్రోతు కర్ర పాతి వెళ్ళిన చోట, తెల్లటి ఏటి ఇసుక ఒత్తుగా పరిచి ఉంది. పక్కనే ఖాళీ తట్ట. దాని వెనక మామ, వీపంతా చెమట, దొంగతనం చేసిన పిల్లవాడి ముఖం. అక్క బతుకు నిలబెట్టడానికి తెల్లారకముందే ఏట్లోకి దిగి తట్టలతో మోసి పోశాడు.

అమ్మ తిట్టలేదు. ఇంటికి పోయి చీపురు తెచ్చింది. చేన్ని ఊడవడం మొదలుపెట్టింది. నేను రెండో చీపురు తెచ్చాను. జీపు వచ్చి ఆగి, ఆఫీసరు, మునసబు, మోతుబరి దిగేసరికి మేమిద్దరం కొంగులు దోపుకుని వాకిలి ఊడ్చినట్టు నడి చేన్ని ఊడుస్తున్నాం.

"ఆఫీసరొస్తే చేను గూడా ఊడస్తారా వీళ్ళు?" అని మోతుబరి పగలబడి నవ్వాడు. "చూడండి సార్, ఊడ్చే కొద్దీ ఇసకే."

ఆఫీసరు గోదావరి వైపు మనిషి, వయసు తక్కువ, ముక్కు మీద ఎండ పొక్కులు. "పైన ఏముంటే నాకెందుకండీ, నేను చూసేది లోపల," అని తన మనుషుల్ని తవ్వమన్నాడు. నిలువెత్తు గుంట తవ్వారు. ఒక గోడను కత్తితో నున్నగా చెక్కాడు. నేను అంచున బోర్లా పడుకుని చూశాను. అడ్డంగా గీతలు. మందమైన గోధుమరంగు పొర, దాని కింద దారమంత ఇసుక, మళ్ళీ గోధుమ, మళ్ళీ దారం. ఆయన ఒక్కో పొర నుంచి పిడికెడు తీసి, నీళ్ళు చిలకరించి, అరచేతిలో జంతికలాగా పొడుగ్గా పేనాడు. పేనినదాన్ని గాజులాగా వంచబోయాడు. పుటుక్కున విరిగింది.

"విరిగింది! ఇసకేనని నేను జెప్పలా?" అన్నాడు మోతుబరి.

"ఇసకయితే అసలు పేనడానికే రాదండీ. మీ రేగడి అయితే గాజు చుట్టుకుంటుంది. దీన్ని పేనొచ్చు, వంచితే మాత్రం విరుగుతుంది. ఇది రెంటికీ నడిమి రకం, ఒండ్రు." అని చిటికెడు పంటి కింద పెట్టుకుని నమిలి ఉమ్మేశాడు. "కరకరమనడం లేదు. చాలా మంచి ఒండ్రు."

నేను ఆగలేకపోయాను. "మరి ఆ గీతలేంది సార్?" అన్నాను. ఆడపిల్ల అడిగిందని విసుక్కోకుండా చెప్పాడు. పాత నేల తనలో తాను పొరలు కట్టుకుంటుందట, లోపల సున్నపు గడ్డలు పడతాయట. దీనికి ఇంకా ఆ వయసు రాలేదట. ఈ గీతలు నేల కట్టుకున్నవి కావు, ఒక్కో వరద పరిచి పోయినవి. పుస్తకంలో దీన్ని లేత నేలల వరసలో రాస్తారట. ఆ వరస కిందిదా పైదా అని అడిగాను. "పైదీ కిందిదీ ఉండవమ్మా. ఏది దేనికి పనికొస్తుందో రాస్తాం, అంతే," అన్నాడు. ఆ జవాబు వింటూ నేను మోతుబరి ముఖమే చూశాను. చూసినందుకు నాకు ఏ కోశానా సిగ్గులేదు.

మామ భయపడినట్టే అయింది. ఆఫీసరు చేతులు కడుక్కుంటుండగానే మోతుబరి గొంతు మారిపోయింది. "నేల మంచిదే సార్, నాకు తెలవదా. నా పొలంలో భాగమే ఇది. ఈమె నా కాడ కూలికి చేస్తది. ఒరే, గుంట పూడ్చండిరా!"

అమ్మ ఒక్క ఉదుటున గుంటలోకి దూకింది. అడుగున నిలబడి, తలెత్తి, "పూడ్చండి. నన్ను పెట్టి పూడ్చండి," అంది. ఎవరూ పార ఎత్తలేదు. సాగు ఎవరిదో తేల్చడం తన పని కాదని, తాసిల్దారు విచారిస్తాడని ఆఫీసరు చెప్పి, తను చేయి అందించి అమ్మను పైకి లాగాడు.

తాసిల్దారు విచారణ బడి ముందర చింతచెట్టు కింద జరిగింది. మోతుబరి తన పాలేర్లను వరసగా తెచ్చి నిలబెట్టాడు. సాగు ఎవరిదని అడిగితే ఒక్కొక్కరే నేల చూస్తూ "అయ్యదే" అన్నారు. వాళ్ళను నేను తిట్టుకోలేదు, వాళ్ళ పొయ్యిలు ఎవరి గింజలతో వెలుగుతాయో నాకు తెలుసు. చివరన మామను పిలిచాడు. సొంత తమ్ముడే చెబితే ఇక తిరుగుండదని ఆయన ఎత్తు. మామ పైగుడ్డ చేతుల్లో నలుపుతూ ముందుకు వచ్చాడు. 

"సాగు మా అక్కది సామీ," అన్నాడు.

"నా కూడు తిని ఎవురి పాట పాడతాండావురా?" అని మోతుబరి లేచాడు.

మామ ఆయన వైపు చూడకుండా తాసిల్దారుకే చెప్పాడు. "అయ్య పొలం దున్నే మడక తోలేది నేను సామీ, చిన్నప్పట్నించీ నేనే. ఆ మడక ఏటిగట్టుకి ఒక్కనాడు గూడా పోలా. పోయుంటే, తోలేవోణ్ణి నాకు తెలవకుండా పోద్దా?"

తాసిల్దారు మిగిలిన పాలేర్లను మళ్ళీ పిలిచాడు. ఈసారి ఒకరిద్దరు తలెత్తారు.

పట్టా అమ్మ పేరుతోనే వచ్చింది, కాకపోతే చాలా ఆలస్యంగా. మామ పని మాత్రం ఆ సాయంత్రమే పోయింది. ఇచ్చిన పంచె కూడా విప్పించుకుని పంపారు. మా ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ మాకన్నా ముందు ఆయనకు జొన్నసంగటి పెట్టింది. ముద్ద చేతిలో పట్టుకుని తినకుండా, "రేపట్నించి ఎవురింటికి పోవాలక్కా నేను?" అన్నాడు.

"ఎవురింటికీ పోబల్లేదు. మన చేనుండాది."

"దానికింకా పట్టా రాలేదు గదక్కా."

"పట్టా రాకముందు మాత్రం అదెవురిదిరా?" అంది అమ్మ. "తిను."