రేణుక గోడకు నేను కొట్టిన సున్నం

మొన్న నేను చేసిన ఘనకార్యం వినండి. మంచే చేస్తున్నాననుకున్నాను. కోడలి ఉద్యోగానికే ఎసరు పెట్టబోయినాను!

మాది పుంగనూరు పక్క పల్లె. మూడు ఆవులు. కోడలు రేణుక టీచర్ పని కోసం ఇంగ్లీషు నేర్చుకుంటోంది. పాలు పిండే చేతుల్లో పుస్తకం నిలవదు కదా! అందుకని కొట్టం గోడమీద చాక్‌పీసుతో వాక్యాలు రాసుకునేది. ఒక్కో గుంజ వెనక ఒక్కో టెన్సు. రోజూ పాలిచ్చే ఆవు వెనక 'గివ్స్'. చూడి ఆవు వెనక 'విల్ గివ్'. వట్టిపోయిన ఆవు వెనక 'గేవ్'. మూడో తరగతిలో బడి మాని పశువుల వెంట పడిన నాకే అర్థమయ్యింది. ఏం తెలివప్పా!

ఇంక తెల్లారితే మదనపల్లెలో ఒక బడిలో, పిల్లల ముందు ఆమె ఈ పాఠమే చెప్పి చూపించాల. నచ్చితేనే ఉద్యోగం. ఆ పూటన్నా ఆమెకు పని తప్పిద్దామని ఆవుల్ని బయట కట్టేసి, కొట్టం కడిగి, పురుగు చేరకుండా గోడంతా సున్నం కొట్టేసినాను. రాతలున్నాయన్న బుద్ధి కూడా లేకుండా!

రేణుక వచ్చి చూసి చెంబు జారవిడిచింది. "మామా! నా టెన్సులు యాడ?"

"సున్నం కింద ఉండాయమ్మా."

నేనైతే ఊరంతా వినేట్టు అరిచేవాణ్ణి. ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. "పోనీలే మామా. ఆవులు బయటుండాయి కదా, వాటి బదులు మీరే గుంజల కాడ నిలబడండి. నేను సెప్తా."

నిలబడినాను. నేను ఏ గుంజకు పోతే ఆ గుంజ వాక్యాలు గడగడా అప్పజెప్పింది. మూడు నెలల చదువు, ఒక్క తప్పు లేదు! నా కళ్ళు చెమ్మగిల్లినాయి.

అప్పుడే నా భార్య వచ్చింది. "ఏమయ్యా, వట్టిపోయిన ఆవు గుంజ కాడ నిలబడుండావే? కట్టెయ్యాల్నా?"

"పాఠం జరగతాండాది, నోరు మూసుకో!" అని కసిరినాను. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు సాయంత్రం మదనపల్లె బస్సు దిగి, రేణుక మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టింది. ఉద్యోగం వచ్చింది! బోర్డుమీద మూడు ఆవుల్ని గీసి పాఠం చెప్పిందంట. పిల్లలు కదలకుండా విన్నారంట.

"ఒక పాప మాత్రం లేసి అడిగింది మామా," అంది నవ్వు ఆపుకుంటా. "గేవ్ ఆవుకు మీసాలు ఎందుకుండాయి మేడమ్, అని."

నేను మెల్లగా నా మీసం తడుముకున్నాను.