ఎర్ర టేపు చుట్టిన వాల్వ్

2023 మార్చి. బేతమంగళ దాటాక మామిడి తోటల మధ్య ఉన్న ఒక చిన్న రిసార్టు నుంచి నాకు ఫోన్ వచ్చింది. స్విమ్మింగ్ పూల్ పచ్చబడిందట. సోమవారం నుంచి పిల్లలకు ఈత క్లాసులు, ఈలోగా నీళ్లు తేటపడాలని ఓనరు మాట. ఆ రోజు బుధవారం. నేను కేజీఎఫ్‌లో ఉంటాను. కెమిస్ట్రీ చదివి, పదిహేనేళ్లుగా పూల్స్‌కూ ఆర్వో ప్లాంట్లకూ సర్వీస్ చేస్తున్నాను. గనుల ఆఫీసులో గుమాస్తాగా చేసిన మా నాన్న, తాగడానికే నీళ్లు లేని జిల్లాలో నీకీ ఈత కొలనుల పని ఏమిటే అని నన్ను ఏడిపించేవాడు.

అక్కడ పూల్ చూసుకునేది మునివెంకటప్ప. గౌనిపల్లి రైతు. మూడు బోర్లు ఎండిపోయాక పొలం అన్నకు వదిలేసి భార్యతో ఇక్కడికి వచ్చాడు. ఆమెకు వంటింట్లో పని, ఆయనకు స్విమ్మింగ్ పూల్ పనీ, తోట పనీ. ఉండడానికి పంపు గది వెనక ఒక చిన్న గది ఇచ్చారు. రెండేళ్ల క్రితం, పూల్ కొత్తగా కట్టినప్పుడు, ఆయనకు పని నేర్పింది నేనే.

పూల్ పచ్చబడడం పెద్ద జబ్బేమీ కాదు. మోటారు కాలిపోయి, కొత్తది వచ్చేదాకా నాలుగు రోజులు పంపు తిరగలేదు, ఎండలకు పాచి పట్టింది. ముందు నీటి పీహెచ్ సరిచేసి, ఒక్కసారిగా క్లోరిన్ మోతాదు బాగా పెంచాలి. దీన్ని మేం షాక్ అంటాం. బుధవారం రాత్రే వెళ్లి ఆ పని చేశాను. పాచి చచ్చి బూడిదరంగు పొడిలా అడుగుకు దిగుతుంది. గురువారం ఉదయానికి పచ్చదనం పోయి నీళ్లు పాలవిరుగుడులా అయ్యాయి. రాత్రి వేసిన క్లోరిన్ తగ్గకుండా నిలబడింది, అంటే పాచి చచ్చినట్టే. ఇక అడుగున ఉన్నది వాక్యూమ్ గొట్టంతో లాగేస్తే సరి అని మునివెంకటప్పకు ఫోన్‌లో చెప్పి, నేను ముళబాగిలు వైపు ఇంకో పని చూసుకున్నాను.

శుక్రవారం వెళ్లేసరికి ఫిల్టర్ మొండికేసి కూర్చుంది. పూల్ ఫిల్టర్ అంటే ఒక పెద్ద డ్రమ్ములో ఇసుక. నీళ్లు పైనుంచి దిగి, మురికి ఇసుకలో వదిలి, కిందనుంచి తేటగా పోతాయి. పైన ప్రెషర్ గేజ్ ఉంటుంది. అక్కడ శుభ్రమైన ఫిల్టర్‌కు ముల్లు పది దగ్గర ఉండేది. ఇరవై దాటితే నీళ్లను తిరగేసి పంపి ఇసుకను కడగాలి. అదే బ్యాక్‌వాష్. వారానికోసారి చేసే ఆ పని ఇప్పుడు రెండు గంటలకోసారి చేయాల్సి వస్తోంది. డ్రమ్ము మూత విప్పి ఇసుక చేత్తో కలిపి చూశాను. గడ్డ కట్టలేదు. గొట్టాలు బాగున్నాయి, పంపు బాగుంది. తప్పు దొరక్కపోతే నాకు కోపం వస్తుంది, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద.

ఆ మధ్యాహ్నం ఓనరు ఫోన్ చేశాడు. మునివెంకటప్ప పని సరిగా చేయడం లేదేమో, అదే రిపోర్టులో రాసిస్తే సోమవారానికి వేరే మనిషిని పెట్టుకుంటానన్నాడు. నేను కాదనలేదు. సర్వీస్ రిపోర్టులో కారణం అన్న గడిలో ‘ఆపరేటర్ అజాగ్రత్త’ అని రాశాను. సంతకం ఒక్కటే మిగిలింది. ఆ రెండు మాటలతో మొగుడూ పెళ్లాల పనులూ, వెనకున్న గదీ పోతాయని తెలిసే రాశాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

ఏం తోచిందో, సంతకం పెట్టే ముందు ఒకసారి ఆయన పని చేస్తుంటే చూద్దామని శనివారం పొద్దున్నే వెళ్లాను. అడుగున పొడి లేవకుండా, ఆరబోసిన రాగులు సర్దుతున్నంత నెమ్మదిగా ఆయన వాక్యూమ్ బ్రష్ జరుపుతున్నాడు. అజాగ్రత్త అన్న మాట ఈ మనిషికి అతకదు. కానీ పది నిమిషాల్లో గేజ్ ముల్లు పైకి పాకింది, పూల్‌లోకి తిరిగొచ్చే నీళ్లలో మళ్లీ తెల్లటి మబ్బు. పంపు గదిలోకి పరుగెత్తాను.

ఫిల్టర్ మీద, నీళ్లు ఎటు పోవాలో మార్చే మల్టీపోర్ట్ వాల్వ్ ఉంటుంది. ఒకే పిడి, ఆరు స్థానాలు. పిడి ‘ఫిల్టర్’ అన్నచోట ఉంది. అంటే లాగిన చచ్చిన పాచంతా నేరుగా ఇసుకలోకే పోతోంది, మరీ సన్ననిది ఇసుక దాటి మళ్లీ పూల్‌లోకే వస్తోంది. ఇంత మురికి ఉన్నప్పుడు పిడిని ‘వేస్ట్’ అన్నచోటికి తిప్పాలి. అప్పుడు లాగిన నీళ్లు ఫిల్టర్ జోలికి పోకుండా బయటికి పోతాయి. కానీ పిడి ఆ స్థానంలోకి దిగకుండా అక్కడున్న గాడి మీద మందంగా ఎర్ర టేపు చుట్టి ఉంది. శుక్రవారం ఇసుకా గొట్టాలే చూశాను గానీ, దీని మీద నా చూపు పడలేదు.

“ఈ టేపు ఎవురప్పా చుట్టింది?” అన్నాను కటువుగానే.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. “మీరేనమ్మా.”

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఇంకోచోట ఒకతను పిడి ‘వేస్ట్’లో పెట్టి మరిచిపోయి సగం పూల్ ఖాళీ చేశాడు. ఆ భయంతో, నేర్పిన రోజే ఇక్కడ టేపు చుట్టి, దీని జోలికి పోవద్దు, నీళ్లన్నీ వేస్టయిపోతాయి అని గట్టిగా చెప్పాను. చెప్పి ఊరికి వెళ్లిపోయాను, మరిచిపోయాను. ఆయన మాత్రం రెండేళ్లుగా గుర్తుపెట్టుకున్నాడు.

నిన్న నేను ఫిల్టర్ విప్పి వెతుకుతున్నప్పుడైనా ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీరు చెప్పినట్టే చేస్తా ఉండాను గదమ్మా, ఇంగ ఏమని చెప్పేది? నీళ్లు పోగొట్టొద్దని మీరంటిరి. ఆ మాట నాకు శానా బాగుండె. మా బోర్లు ఎండకముందే ఎవురన్నా మాకు అట్ల చెప్పింటే...” అని ఆగిపోయాడు.

టేపు నేనే పీకేశాను. అయినా పిడి తిప్పడానికి ఆయనకు చేతులు రాలేదు. దాంతో ఇద్దరం కలిసి, వాల్వ్ నుంచి నీళ్లు బయటికి పోయే చోట ఒక పైపు తగిలించి, తోటలో ఉన్న పాత గుంతలోకి వదిలాం. రెండు రోజులు ఎండలో నిలిస్తే క్లోరిన్ ఎగిరిపోతుంది, పరీక్ష చేసి చెట్లకు పెట్టుకోవచ్చని చెప్పాను. అప్పుడు తిప్పాడు. శనివారం ఒకసారి, ఆదివారం పొద్దున ఒకసారి లాగాం. తగ్గిన నీళ్లు బోరుతో నింపి ఫిల్టర్ నడిపాం. ముల్లు పది దగ్గరే నిలిచింది. ఆదివారం సాయంత్రానికి లోతు వైపు అడుగున ఉన్న జాలీ మరలు కూడా కనిపించాయి.

పాత రిపోర్టు చింపేసి కొత్తది రాశాను. కారణం: నేర్పడంలో నా తప్పు, ఆపరేటర్ చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఓనరు చదివి, ఎవరైనా తమ తప్పు తామే రాసుకుంటారా అని నవ్వాడు కానీ, మనిషిని మార్చే మాట మళ్లీ ఎత్తలేదు. వద్దు అని చెప్పడం తేలిక. ఆ వద్దు ఎప్పటిదాకా అన్నది కూడా అప్పుడే చెప్పాలని నాకు ఆ పంపు గదిలో తెలిసింది. ఇప్పుడు ఎక్కడ పని నేర్పినా, నేర్చుకున్నవాళ్లు తిరిగి నాకు చెప్పేదాకా బండి ఎక్కను.

ఆ సాయంత్రం బయల్దేరుతుంటే మునివెంకటప్ప ఒక్కటే అడిగాడు. “వేస్టని ఉంటే చెయ్యి పోదమ్మా. ఆడ ఇంగేమన్నా రాసి పోండి.”

ఆయన బళ్లో చదివింది కన్నడం. వేస్ట్ అన్నదాని మీద తెల్ల కాగితం అతికించి, కన్నడ అక్షరాల్లో ‘తోటక్కె’ అని రాశాను. తోటకు అని. ఆయన కూడబలుక్కుంటూ చదివి, పిడి ఒకసారి అటు తిప్పి చూసుకుని, మళ్లీ ఫిల్టర్ మీదికి తెచ్చి పెట్టాడు.