వదిన జీడిపండు తినలేదు

మా వదిన జీడిపండు తినలేదు. ఈ ఒక్క మాట ఎక్కడో ఒకచోట రాతలో ఉండాలనే ఇది రాస్తున్నాను. అప్పటి మా ఇంటివాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ పోతే ఆమె మీద పడ్డ నింద తుడిచేవాళ్లు ఉండరు.

మొన్న ఐదో నెల గర్భంతో ఉన్న నా మనవరాలు పళ్లు తోముకుంటూ, "అమ్మమ్మా, గిది ఏందో జర చూడు" అని పై పెదవి ఎత్తింది. ముందరి పళ్ల మధ్య చిగురు మీద రేగుగింజంత ఎర్రగడ్డ. బ్రష్షు తగిలితే రక్తం. నది మీది వంతెన దాటి మంచిర్యాల తీసుకుపోతే పళ్ల డాక్టరమ్మ నవ్వి, కడుపుతో ఉన్నవాళ్లకు ఇలా వస్తుంటుందని, కాన్పయ్యాక చాలావరకు దానంతటదే పోతుందని చెప్పింది. పళ్లు శుభ్రం చేసి పంపించింది. మనవరాలు బయటికి రాగానే ఐస్‌క్రీమ్ కొనుక్కుంది. నాకు మాత్రం సిరోంచలో మా ఇంటికి తిరిగి వచ్చేదాకా వదిన ముఖమే కళ్ల ముందు మెదిలింది.

నేను బడిలో చదివింది మరాఠీలో నాలుగో తరగతి వరకే. తెలుగు అక్షరాలు సరుకులు కట్టిన పొట్లాల కాగితాలు విప్పి, కూడబలుక్కుని నేర్చుకున్నాను. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనిది, దాని గురించి నాకు కొంచెం గర్వం ఉంది కూడా. డాక్టరమ్మ మాట విన్నాక అక్కడికే పోయి పళ్ల జబ్బుల పుస్తకం అడిగి తీసుకున్నాను. పంటి వేరులో చీము పడితే చిగురు మీద గడ్డ లేస్తుందట. పళ్ల మొదట్లో గార పేరుకున్నా, కట్టుడుపళ్లు ఒరుసుకున్నా, నోరు పూసినా లేస్తుందట. కొందరికి లోపలి ఎముకే నొప్పి లేకుండా బుడిపెలా పెరుగుతుందట. పొగాకు నమిలేవాళ్లకు మానని గడ్డ కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదట. ఆ వరుసలోనే గర్భం కూడా ఉంది. జీడిపండు కోసం పుస్తకమంతా వెతికాను, ఎక్కడా లేదు.

పందొమ్మిది వందల యాభైలలో మా నాన్న అడవి సరుకు కొనేవాడు. మా దగ్గర జీడి అంటే నల్లజీడి, జీడిమామిడి కాదు. చలికాలం వచ్చిందంటే అరుగు నిండా నల్లజీడి గింజల గంపలే. చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే ఆ గింజ రసం ఒంటికి తగిలితే బొబ్బలొస్తాయి. గింజకు టోపీలా అంటుకుని ఉండే నారింజరంగు పండును మాత్రం నిప్పుల మీద కాల్చి తింటే కమ్మగా ఉంటుంది. ఆ కాలిన వాసన తలచుకుంటే నాకిప్పటికీ నోరూరుతుంది. కానీ కడుపుతో ఉన్న మనిషి దాన్ని ముట్టకూడదని, ముడితే బిడ్డకు వేడి చేస్తుందని మా ఇంటి కట్టు. వదిన అడవిలోని పెర్మిలి ఊరి పిల్ల. జీడిచెట్ల కింద ఆడుకుంటూ పెరిగింది. తొలిచూలు ఆరో నెలలో ఆమె చిగురు మీద ఎర్రగడ్డ లేచేసరికి మా అమ్మకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"తిన్నవ్, గందుకే పొంగింది."

"తినలే అత్తమ్మా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"పెర్మిలోళ్లు జీడి చూసి ఊకుంటరా?"

అడవి సరుకు కొనే ఇంకో వ్యాపారి భార్య మా పక్కింట్లోనే ఉండేది. మేమందరం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. ఆమె గోడ మీది నుంచే కలగజేసుకుంది. "నా పెద్దోడు కడుపుల ఉన్నప్పుడు నాకు సుత గిట్లనే లేచింది. నేను జీడి ముట్టలే. పరేషాన్ చేయకు ఆ పిల్లను."

"నీది పాన్ గడ్డ తియ్యి" అంది మా అమ్మ. ఖాలా పాన్ నములుతూనే పకపకా నవ్వింది. దాంతో ఆమె చెప్పిన నిజం కూడా నవ్వులో కలిసిపోయింది.

తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి పంపడం మా దగ్గర ఆనవాయితీ. ఏడో నెలలో వదిన తల్లి పెర్మిలి నుంచి బండి కట్టుకుని వచ్చింది. బండిలో కూతురు పడుకోవడానికి గడ్డి పరిచి, పైన కొత్త బొంత వేసి తెచ్చింది. మా అమ్మ గడపలో నిలబడి, అక్కడికి పంపితే మళ్లీ జీడి పెడతారని, తిన్నానని ఒప్పుకుని ఇక ముట్టనని చెబితేనే పంపుతానని అంది.

మా అన్న వదినను పక్కకు పిలిచి బతిమాలాడు. "తిన్న అని ఒక్క మాట అను, అయిపోతది. నీ తల్లి గంత దూరం కెల్లి వచ్చింది."

"తినంది తిన్న అని ఎట్ల అంటా? రేపు ఇంకోటి పోతే సుత నేనే తీసిన అనాల్నా?"

అన్న లోపలికి వెళ్లిపోయాడు. వదిన తల్లి కూతురి తల నిమిరి, "ఉండు బిడ్డా, అబద్ధం మాత్రం ఆడకు" అని ఒక్కతే బండెక్కింది. వదిన వాకిట్లోంచి కదలలేదు. ఏడవను కూడా లేదు.

బిడ్డ పుట్టాక గడ్డ మెల్లగా ఎండి మాయమైంది. "జూసిన్రా, తినుడు బందు వెట్టింది, పోయింది" అని మా అమ్మ చుట్టుపక్కల అందరికీ చెప్పింది. వదిన కాదనలేదు. ఆ తర్వాత ఏం అడిగినా, బియ్యం ఎన్ని పొయ్యాలన్నా, బిడ్డకు ఏం పేరు పెట్టాలన్నా, "మీరెట్లంటే గట్ల" అనేది. వచ్చిన కొత్తలో మాటకు మాట అంటించి మమ్మల్ని నవ్వించిన మనిషి ఆ ఒక్క మాటతోనే ముసలిదైపోయి, పోయింది. మా అమ్మ చెడ్డది కాదు. బాలింతకు కారంపొడి తానే దంచి, తానే కలిపి తినిపించింది. అందుకే నాకు కోపం తెచ్చుకోవడానికి కూడా ఎవరూ దొరకరు.

పెదవి ఎత్తి చూపిన మనవరాలు సుజాతకు, పుస్తకం వెతికిచ్చిన గ్రంథాలయం ఇర్ఫాన్‌కు, నా రాతను సాపు చేసిపెట్టిన నాగేపల్లి మేనల్లుడు రాజన్నకు నా కృతజ్ఞతలు. ఆ రోజు గోడ మీది నుంచి నిజం చెప్పిన ఖాలా పేరు హమీదా, ఆమెకూ కృతజ్ఞతలు. మా వదిన పేరు మల్లక్క. ఆమె నిజమే చెప్పిందని కాలం నాకు చూపించింది, కానీ ఆ మాట వినవలసిన ఆమెను ముందే తీసుకుపోయింది.